స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ పార్టులు: కంపెనీవి కొనాలా, బాష్ డబ్బా కొనాలా, ఆటోనగర్‌కి వెళ్లాలా?

"స్విఫ్ట్ డీజిల్‌కి ఇంజెక్టర్ కావాలి" అని కౌంటర్ దగ్గర అడగ్గానే అవతలి మనిషి లోపలికెళ్లి ఓ డబ్బా తెచ్చి ముందు పెట్టాడంటే ఆ షాపులో కొనకండి. ఏ సంవత్సరం బండి, కాలుష్య నిబంధనల్లో బీఎస్3నా బీఎస్4నా, పాత ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేది) మీద నంబర్ ఎంత, ఈ మూడూ అడగకుండా ఇచ్చిన పార్టు సరిపోతే మీ అదృష్టం. సరిపోకపోతే మెకానిక్ రెండోసారి విప్పి బిగించిన కూలి మీ నెత్తిన, పైగా ఎలక్ట్రికల్, ఇంజెక్టర్ సామాన్లు సీల్ తీశాక చాలామంది వెనక్కి తీసుకోరు.

స్విఫ్ట్‌లోని ఈ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ అసలు ఫియట్‌ది. మారుతి డీడీఐఎస్ అని పేరు పెట్టుకుంది, టాటా క్వాడ్రాజెట్ అంది, ఫియట్ మల్టీజెట్ అంది, షెవ్రోలే స్మార్టెక్ అంది. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, టైమింగ్ బెల్టు బదులు చైన్. మన దగ్గర 2007లో స్విఫ్ట్‌లో వచ్చి, ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఎస్‌ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, బ్రెజ్జా దాకా పాకింది. టాటాలో విస్టా, మాంజా, జెస్ట్, బోల్ట్, ఫియట్‌లో పుంటో, లీనియా, షెవ్రోలేలో సెయిల్, ఎంజాయ్ అన్నిట్లోనూ ఇదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రావడంతో మారుతి డీజిల్ కార్లే మానేసింది. షెవ్రోలే అంతకుముందే 2017 చివరికల్లా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫియట్ పేరుతో కొత్త కార్లూ ఆగిపోయాయి. బళ్లు మాత్రం ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి, ముఖ్యంగా ట్యాక్సీగా తిరిగి సొంత వాడకానికి వచ్చిన డిజైర్లు, ఊళ్లలో ఇంటిల్లిపాదీ ఎక్కే ఎర్టిగాలు. వీటికి పార్టు దొరకదన్న భయం అక్కర్లేదు, దొరుకుతుంది. ఒకే పార్టు అయిదు రకాలుగా, అయిదు ధరల్లో దొరకడం దగ్గరే తికమక అంతా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పార్టుని బండి పేరుతో కొనకూడదు, ఇంజిన్ రకం చూసి, పార్ట్ నంబర్ పట్టుకుని కొనాలి. ఎక్కడ కొనాలన్నది ఆ పార్టు పోతే దాంతోపాటు ఇంకేం పోతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. తను పోతూ ఇంజిన్‌ని కూడా తీసుకుపోయే పార్టుల దగ్గర రూపాయి తగ్గించుకోకండి. మిగతా వాటి దగ్గర నిర్మొహమాటంగా బేరమాడండి.

ముందు మీ ఇంజిన్ ఏ రకమో తేల్చుకోండి

ఒకే 1.3లో రెండు పెద్ద తెగలున్నాయి. మామూలు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టేది) ఉన్నది 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ ఇవి. వీజీటీ టర్బో, అంటే లోపల రెక్కలు కదిలే టర్బో ఉన్నది 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్లు. 2011లో వచ్చిన ఎస్‌ఎక్స్4 డీజిల్, తర్వాత ఎర్టిగా, సియాజ్, బ్రెజ్జా ఇవి. టాటాలో విస్టా డీ90, మాంజా, ఫియట్‌లో పుంటో, లీనియాల్లో ఎక్కువ పవర్ ఉన్న మోడళ్లు కూడా ఈ తెగే. టర్బో, దాని పైపులు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఒక తెగవి ఇంకో తెగకి పట్టవు. ఎర్టిగా టర్బో చవగ్గా వచ్చిందని స్విఫ్ట్‌కి బిగించే ప్రయోగాలు చేసే మెకానిక్‌లు అక్కడక్కడా తగులుతారు. ఈసీయూకి ఆ రెక్కల్ని నడపడమే తెలియనప్పుడు ఆ టర్బో అక్కడుండి ఏం లాభం?

రెండో తేడా బీఎస్3, బీఎస్4. 2010 ఏప్రిల్‌లో బీఎస్4 దేశమంతా రాలేదు. హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లోనే తప్పనిసరి చేశారు, మిగతా చోట్లకి విడతలుగా వచ్చి, దేశమంతటికీ 2017 ఏప్రిల్‌లో గానీ రాలేదు. అందుకని ఆ మధ్య సంవత్సరాల బండి ఎక్కడ రిజిస్టర్ అయిందో చూసి అంచనాకి రావద్దు, సంవత్సరం చూసి అసలే రావద్దు. ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకే పంపేది), కొన్ని సెన్సార్లు, ఈసీయూ ఈ రెంటికీ వేరువేరుగా ఉండొచ్చు.

మారుతి బళ్లకి ఇంజిన్ నంబర్ డీ13ఏ అని మొదలవుతుంది. అది చూపించి "ఇదిగో ఇంజిన్ నంబర్" అంటే సరిపోదు, ఎందుకంటే పాతదీ కొత్తదీ కూడా డీ13ఏనే. 17 అక్షరాల ఛాసిస్ నంబర్ కావాలి. అది ఆర్‌సీ మీద ఉంటుంది, బండి మీద కూడా కొట్టి ఉంటుంది. కంపెనీ డీలర్ పార్టుల కౌంటర్‌లో ఆ నంబర్ కంప్యూటర్‌లో కొడితే మీ బండికి ఫ్యాక్టరీలో ఏ పార్టు వేశారో నంబర్‌తో సహా వస్తుంది. పార్టు వాళ్ల దగ్గరే కొనాలని రూలేం లేదు, కానీ ఆ నంబర్ మాత్రం అక్కడినుంచే తెచ్చుకోండి. మర్యాదగా అడిగితే చాలా చోట్ల చీటీ మీద రాసిస్తారు.

మారుతి నంబర్ల గురించి ఓ సంగతి తెలిసి ఉంటే మోసపోరు. సుజుకీ పద్ధతిలో మొదటి అయిదు అంకెలు అది ఏ పార్టో చెప్తాయి. 16510 అంటే ఆయిల్ ఫిల్టర్, ఏ సుజుకీ బండికైనా అంతే. ఆ తర్వాత వచ్చే అక్షరాలూ అంకెలే అది ఏ మోడల్‌కో చెప్పేవి. "మొదటి నంబరు కలిసింది కదా సార్, అదే ఇది" అని షాపువాడు చూపిస్తే, అది ఆయిల్ ఫిల్టరే అని తెలిసింది గానీ మీ ఇంజిన్‌ది అని తెలియలేదు. చివరి అంకె మాత్రమే మారితే అది అదే పార్టుకి కంపెనీ తెచ్చిన కొత్త రూపం కావచ్చు, పాత నంబర్ కొడితే కంప్యూటరే కొత్త నంబర్ చూపిస్తుంది. అప్పుడు కొత్తదే తీసుకోవాలి.

టాటా విస్టా ఉన్నవాళ్లు ఇంకో మెట్టు ముందు ఆగాలి. విస్టా డీజిల్ అంటే రెండు పూర్తిగా వేరే ఇంజిన్లు. టీడీఐ అని ఉంటే అది టాటా సొంత 1.4, క్వాడ్రాజెట్ అని ఉంటే ఈ 1.3. ఒకదాని సామాను ఒకదానికి పట్టదు. షెవ్రోలే బీట్ డీజిల్ కూడా ఈ వంశానిదే గానీ మూడు సిలిండర్ల 936 సీసీ ఇంజిన్. బీట్‌కి వచ్చింది సెయిల్‌కి వస్తుందనుకోకండి.

అన్నదమ్ముల ఇంజిన్లలో ఏది దేనికి పడుతుంది

ఫియట్, షెవ్రోలే బళ్లవాళ్లకి ఇది ప్రాణం లాంటి విషయం. వాళ్ల కంపెనీ కౌంటర్లు తగ్గిపోయాయి, మారుతి కౌంటర్ మాత్రం ప్రతి ఊళ్లో ఉంది. కాబట్టి లీనియా ఇంజిన్‌కి స్విఫ్ట్ సామాను పడుతుందా అన్న ప్రశ్న సహజం.

ఇంజిన్ కడుపులో ఉండేవి చాలావరకు పడతాయి. టైమింగ్ చైన్, గైడ్లు, రాకర్ ఆర్మ్‌లు, హైడ్రాలిక్ టాపెట్లు, వాల్వులు, రింగులు, బేరింగులు, ఇవన్నీ అదే డిజైన్ నుంచి వచ్చినవి. అయినా నంబర్ పోల్చకుండా కొనకండి, మధ్యలో మార్పులు జరిగాయి. బయట తగిలించేవి మాత్రం పడవు. కారణం తెలిస్తే మీరే ఊహించగలరు: స్విఫ్ట్‌కి పవర్ స్టీరింగ్ కరెంట్ మోటార్‌తో నడుస్తుంది, పుంటో, లీనియాలకి ఇంజిన్ మీద ఆయిల్ పంపు పెట్టి నడిపారు. దాంతో ఫ్యాన్ బెల్టు తిరిగే దారే మారిపోయింది, బెల్టు పొడవు, బ్రాకెట్లు అన్నీ వేరు. గేర్‌బాక్స్ కూడా వేరు కాబట్టి క్లచ్, ఫ్లైవీల్ వైపు చూడొద్దు. మౌంటింగులు, రేడియేటర్ పైపులు, వైరింగ్ ఎటూ వేరే. ఆయిల్ సంపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ లాంటివి పాతది పక్కన పెట్టి చూశాకే డబ్బివ్వండి.

అయిదు రకాల పార్టులు, నా లెక్కలో వాటి విలువ

కంపెనీ పేరుతో వచ్చే పార్టు అంటే మారుతి, టాటా డబ్బాలో వచ్చేది, ఫియట్‌కైతే మోపార్. ధర ఎక్కువ, టెన్షన్ తక్కువ. అన్నిటికీ ఇదే కొనాలనేవాళ్లతో నేను ఒప్పుకోను. కానీ గాస్కెట్లు, సీళ్లు, సెన్సార్ల లాంటి చిన్న సామాన్లలో డూప్లికేట్‌కీ దీనికీ తేడా అంత పెద్ద మొత్తం ఉండదు, పోయినప్పుడు జరిగే నష్టం మాత్రం పెద్దది. అక్కడ ఇదే కొనండి.

రెండోది, కంపెనీకి సప్లై చేసేవాడే తన సొంత డబ్బాలో అమ్మేది. బాష్ ఇంజెక్టర్, బాష్ హైప్రెషర్ పంపు, మాలే ఫిల్టర్, లూక్ క్లచ్, గోట్జే రింగులు, ఈ తరహా. కంపెనీ డబ్బా ఖర్చు, డీలర్ మార్జిన్ తగ్గుతాయి కాబట్టి అదే నాణ్యత తక్కువకి వస్తుంది. పాత డీజిల్ బండికి నేను ఎక్కువసార్లు సిఫారసు చేసేది ఇదే. ఒక్క జాగ్రత్త ఏంటంటే పేరున్న బ్రాండ్ అయినంత మాత్రాన ఆ పార్టులో కంపెనీకి సప్లయర్ అయి ఉండాలని లేదు. ఫిల్టర్లలో మంచి పేరున్న కంపెనీ తన పేరు వేసి బయట చేయించిన సెన్సార్ అమ్మొచ్చు. పాత పార్టు విప్పి దాని మీద పోత పోసిన లోగో చూడండి. కంపెనీ డబ్బాలో వచ్చిన పార్టు మీద కూడా చాలాసార్లు అసలు తయారీదారు గుర్తు, వాళ్ల సొంత నంబర్ ఉంటాయి. ఆ నంబర్‌తోనే డబ్బా వెతకండి. బాష్ ఇంజెక్టర్ మీద 0 445 తో మొదలయ్యే పదంకెల నంబర్ చెక్కి ఉంటుంది. అంతకంటే గట్టి ఆధారం లేదు.

మూడోది, మార్కెట్ బ్రాండ్లు. ఇందులో మంచివీ ఉన్నాయి. ఇంజిన్ వాల్వులకి రానే, పిస్టన్లకి ఉషా పేరుతో వచ్చే శ్రీరామ్, చెన్నై ఇండియా పిస్టన్స్, గాస్కెట్లకి టాల్‌బ్రోస్, ఇవన్నీ దశాబ్దాలుగా కార్లకీ లారీలకీ ట్రాక్టర్లకీ చేస్తున్న కంపెనీలు. మీ నంబర్‌కి వాళ్ల క్యాటలాగ్‌లో పార్టు ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. పేరు లేని తెల్ల డబ్బా, లేదా కంపెనీ డబ్బాలాగే కనిపించే రంగుల డబ్బా మాత్రం వేరే సంగతి. లేబుల్ మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, పార్ట్ నంబర్, హోలోగ్రామ్ చూడండి, బిల్లు ఇమ్మనండి. బిల్లు అనగానే రేటు మారితే ఆ డబ్బా సంగతి అనుమానించాల్సిందే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టులన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత స్టాక్ అని పాత రేటు చెప్తే ఆ మాట గుర్తు చేయండి.

నాలుగోది రీకండిషన్ చేసినవి, అంటే పాతవే విప్పి బాగుచేసినవి, అయిదోది స్క్రాప్ బళ్ల నుంచి విప్పినవి. వీటి గురించి పార్టుని బట్టి చెప్పాలి, మొత్తంగా మంచి చెడు చెప్పడానికి లేదు.

టైమింగ్ చైన్ దగ్గర రాజీ వద్దు

ఈ ఇంజిన్‌లో నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది చైన్ మీద. చైన్ జీవితాంతం వస్తుందని చెప్పి అమ్మారు, ఆయిల్ సరిగ్గా మార్చిన బళ్లకి చాలాకాలం వస్తుంది కూడా. కానీ ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిలే సుమారు మూడు లీటర్లు. అందులో లీటరు తగ్గిందంటే పెద్ద లోటు. చైన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా, మడ్డిలా మారినా టెన్షనర్ వదులై చైన్ కొట్టుకోవడం మొదలవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు వచ్చి ఆగిపోతే అదే మొదటి హెచ్చరిక. చైన్ పన్ను జారిందా, పిస్టన్ వచ్చి వాల్వుని కొడుతుంది. ఈ ఇంజిన్‌లో సాధారణంగా ముందు రాకర్ ఆర్మ్‌లు విరుగుతాయి, అదృష్టం బాగుంటే వాల్వులు వంగకుండా మిగులుతాయి. అలా విరిగినప్పుడు విరిగినవి మూడే కదా అని మూడే మార్చే మెకానిక్‌తో ఒప్పుకోవద్దు, మొత్తం పదహారిలో మిగతా పదమూడు కూడా అదే దెబ్బ తిన్నవే.

ఇక్కడ ఎంపిక తేలిక. కంపెనీ కిట్ లేదా ఐఎన్‌ఏ లాంటి పేరున్న సప్లయర్ కిట్. కిట్ అంటే చైన్ ఒక్కటే అనుకోకండి, టెన్షనర్, రెండు గైడ్లు, స్ప్రాకెట్లు అన్నీ ఉండాలి. పాత అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే కొత్త చైన్ త్వరగా సాగుతుంది. పేరు లేని కిట్లు సగం కంటే తక్కువకే దొరుకుతాయి, వాటిలో ప్లాస్టిక్ గైడ్ ఎంతకాలం నిలుస్తుందో విప్పి చూస్తే గానీ తెలియదు, విప్పడానికి మళ్లీ ముందు కవరు, కింద సంపు అన్నీ దించాలి. కూలి లెక్కేస్తే చవక కిట్‌లో మిగిలింది ఏమీ ఉండదు. స్క్రాప్ చైన్ గురించి ఆలోచించను కూడా ఆలోచించకండి.

పార్టుతో పాటు మెకానిక్‌ని కూడా ఎంచుకోవాల్సిన పని ఇది. క్యామ్‌షాఫ్ట్‌లని లాక్ చేసే టూల్ కిట్ ఉందా అని ముందే అడగండి. "మార్కు పెట్టుకుని విప్పుతాను సార్, ఎన్నో చేశా" అంటే ఇంకో షెడ్డు చూసుకోవడం మంచిది. సాగిన చైన్ మీద పెట్టుకున్న మార్కు కొత్త చైన్‌కి తప్పు మార్కే అవుతుంది.

ఇంజెక్టర్లు: ఇక్కడ మాత్రం రీకండిషన్‌కి ఓటు

కొత్త బాష్ ఇంజెక్టర్లు నాలుగు కొనాలంటే పాత బండి విలువలో గట్టి వాటాయే పోతుంది. అందుకే ఇక్కడ రీకండిషన్‌ని నేను నిజంగా మంచి దారి అనుకుంటాను, అది ఎక్కడ చేయించారన్నది మాత్రం ముఖ్యం. టెస్ట్ బెంచ్ ఉన్న డీజిల్ సర్వీస్ సెంటర్లో, ముఖ్యంగా బాష్ అధీకృత కేంద్రంలో చేయిస్తే ఒక్కో ఇంజెక్టర్‌కి విడిగా రిపోర్టు చేతికిస్తారు. ఫుల్ లోడ్‌లో ఎంత డీజిల్ కొట్టింది, ఐడిల్‌లో ఎంత, వెనక్కి ఎంత లీకైంది, అన్నీ అంకెల్లో ఉంటాయి. ఆ కాగితం ఇవ్వని చోట రీకండిషన్ అంటే కడిగి తుడిచి ఇవ్వడమే. లోపల వేసిన నాజిల్, వాల్వు సెట్ ఏ కంపెనీవో కూడా రాయించుకోండి.

అసలు ఇంజెక్టర్ పోయిందని తేల్చే ముందు బ్యాక్ లీక్ పరీక్ష చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి నాలుగు చిన్న సీసాల్లో పెట్టి ఇంజిన్ ఆన్ చేస్తారు. ఒక సీసా మిగతా వాటికంటే గబగబా నిండితే దొంగ అదే. ఖర్చు దాదాపు ఏమీ లేని పరీక్ష. స్టార్టింగ్ ట్రబుల్ అనగానే నాలుగూ మార్చేయమనేవాళ్లని ఈ సీసాలు పెట్టి చూపించమనండి ముందు.

ఇంజెక్టర్ తల మీద చిన్న అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ ఇంజెక్టర్ ఎంత కచ్చితంగా డీజిల్ కొడుతుందో కొలిచి ఇచ్చిన దిద్దుబాటు కోడ్ అది. ఇంజెక్టర్ మార్చినా, ఒక సిలిండర్‌ది తీసి ఇంకో సిలిండర్‌కి పెట్టినా ఆ కోడ్ స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి. లేకపోతే కొత్త ఇంజెక్టర్‌తో కూడా ఐడిల్‌లో వణుకు, పొగ రావొచ్చు, అప్పుడు తిట్లు మంచి పార్టుకి పడతాయి. కింద ఉండే రాగి వాషర్ ప్రతిసారీ కొత్తదే వేయాలి, దాని దగ్గర పొదుపు చేసి హెడ్‌లో ఇంజెక్టర్ సీటు కాల్చుకోవద్దు.

స్క్రాప్ ఇంజెక్టర్లు? అదే నంబర్, పైగా బెంచ్ మీద పెట్టి చూసే అవకాశం ఉంటేనే. హైప్రెషర్ పంపుకీ ఇదే నియమం. పంపు లోపల అరిగి ఇనుప రజను బయటికి వచ్చి ఉంటే, ఒక్క పంపు మారిస్తే సరిపోదు, రైలు (ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టం), పైపులు, ఇంజెక్టర్లు, ట్యాంకు దాకా శుభ్రం చేయాలి. ఆ రజను కొత్త ఇంజెక్టర్లని కూడా తినేస్తుంది.

టర్బో

టర్బో మొత్తం మార్చాలా, మధ్యలో తిరిగే కోర్ ఒక్కటే మార్చాలా అన్నది ఇక్కడి ఎంపిక. 75 హార్స్‌పవర్ మామూలు టర్బోకి, బ్యాలెన్స్ చేసిన రిపోర్టుతో వచ్చే మంచి కోర్ అయితే కోర్ మార్చడం సరైన పనే, ఖర్చు బాగా తగ్గుతుంది. 90 హార్స్‌పవర్ వీజీటీకి అంత తేలిక కాదు. కదిలే రెక్కల సెట్టింగ్ మెషీన్ మీద సరిచేయాలి, చేత్తో బిగించిచ్చిన వాటితో పికప్ ఒక దగ్గర ఉండి ఒక దగ్గర ఉండదు. వీజీటీ అయితే కంపెనీది లేదా టర్బో పనులే చేసే వర్క్‌షాపులో రిపోర్టుతో రీకండిషన్.

ఏది కొన్నా, పాత టర్బో ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది బిగించకండి. ఎక్కువసార్లు కారణం ఆయిల్ అందకపోవడం. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నని పైపు లోపల మడ్డి గట్టిపడి దారి పూడుకుపోయి ఉంటుంది. ఆ పైపు కొత్తది వేయించండి, ఇంటర్‌కూలర్‌లో (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) చేరిన పాత ఆయిల్ వంపించండి. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ అలా వదిలేస్తే ఇంజిన్ దాన్ని పీల్చి డీజిల్ లాగా కాల్చి, యాక్సిలరేటర్ వదిలినా ఆగకుండా పరిగెత్తొచ్చు. ఇది నిజంగా ప్రమాదం.

హెడ్ గాస్కెట్, రింగులు, బేరింగులు

హెడ్ గాస్కెట్ కొనేటప్పుడు "1.3 డీజిల్ గాస్కెట్" అని అడిగితే సగమే అడిగినట్టు. ఈ ఇంజిన్‌కి గాస్కెట్ వేర్వేరు మందాల్లో వస్తుంది, అంచున ఉండే చిన్న గాట్లు ఆ మందాన్ని చెప్తాయి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ కంటే ఎంత పైకి పొడుచుకొచ్చిందో డయల్ గేజ్‌తో కొలిచి దానికి తగ్గ మందం వేయాలి. పిస్టన్లు మార్చకపోతే పాత గాస్కెట్ మీద ఎన్ని గాట్లున్నాయో చూసి అదే తేవచ్చు. అందుకే పాత గాస్కెట్‌ని చెత్తలో వేసేలోగా ఒక ఫొటో తీయండి. హెడ్ బోల్టులు కొత్తవే వేయండి.

రింగులు, బేరింగులకి లేత్ వర్క్స్‌లో కొలిచాకే నంబర్ తెలుస్తుంది. ఇంజిన్ బోర్‌కి వచ్చిందని, అంటే సిలిండర్లు అరిగాయని చెప్పి ముందే పిస్టన్ సెట్ కొనిపించే మెకానిక్‌లున్నారు. బోర్ కొలవకుండా స్టాండర్డ్ కావాలో ఓవర్‌సైజ్ కావాలో ఎవరూ చెప్పలేరు. బేరింగుల్లో స్టాండర్డ్‌లోనే రంగు గుర్తుల గ్రేడులు ఉంటాయి, క్రాంక్ మీద కొట్టిన గుర్తుతో కలిపి చూడాలి.

ఫిల్టర్లు, సెన్సార్లు, ఈజీఆర్

ఇవి చకచకా చెప్పేస్తాను. డీజిల్ ఫిల్టర్ మంచి బ్రాండ్‌ది తప్ప వాడొద్దు, నీళ్లు గానీ మురికి గానీ దాటితే పోయేది పైన చెప్పిన ఖరీదైన ఇంజెక్టర్లే. ఎయిర్ ఫిల్టర్ ఏ మంచి బ్రాండైనా సరే. ఆయిల్ ఫిల్టర్ కొనేటప్పుడు పాతది పక్కన నిలబెట్టి ఎత్తు, రంధ్రం చూసుకోండి. ఈజీఆర్ వాల్వు మార్చమంటే ముందు విప్పి మసి శుభ్రం చేయించండి, చాలాసార్లు అంతకంటే అవసరం ఉండదు. క్రాంక్ సెన్సార్, రైల్ ప్రెషర్ సెన్సార్, గాలి కొలిచే సెన్సార్ తెల్ల డబ్బాలవి కొనకండి. ఎర్రర్ కోడ్ పోదు, మిస్సింగ్ పోదు, తప్పు ఎక్కడుందో వెతకడానికే డబ్బంతా పోతుంది.

స్క్రాప్ మార్కెట్‌లో ఏం కొనొచ్చంటే ఆల్టర్నేటర్ బ్రాకెట్, సంపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఇంజిన్ పై కవరు, ఇంటర్‌కూలర్, మంచి స్థితిలో ఉన్న హెడ్ కాస్టింగ్. అరగని వస్తువులన్న మాట. విజయవాడ ఆటోనగర్, విశాఖ ఆటోనగర్, హైదరాబాద్‌లలో, చెన్నైలోని పాత సామాన్ల బజారు పుదుపేట దాకా సంబంధాలున్న వ్యాపారులు వీటిని బాగానే తెప్పిస్తారు. షెవ్రోలే సెయిల్, ఎంజాయ్ బళ్లకి బయటి సామాను ఇప్పుడు ఈ దారిలోనే ఎక్కువ తేలిగ్గా దొరుకుతుంది. హెడ్ కొంటే లేత్‌లో ప్రెషర్ టెస్ట్ చేయించి, పగులు లేదని తేలితేనే డబ్బు పూర్తిగా ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

మొత్తం ఇంజినే మార్చాల్సి వస్తే

ఓవర్‌హాల్ చేయించాలా, అంటే ఉన్న ఇంజిన్నే విప్పి అరిగినవి మార్చి కట్టించాలా, వాడిన ఇంజిన్ తెచ్చి దించాలా? ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి బళ్లు ఇతర రాష్ట్రాలకి చాలా వచ్చాయి, ఢిల్లీ ఇంజిన్ తక్కువ తిరిగింది అని చెప్పి అమ్మేవాళ్లు కూడా పెరిగారు. కిలోమీటర్ల మాట నమ్మకండి. కంప్రెషన్ పరీక్ష, ఆయిల్ ఫిల్లర్ మూత తీసి లోపల మడ్డి ఎంతుందో టార్చ్ వేసి చూడటం, క్రాంక్ పుల్లీ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి ఆడుతుందేమో చూడటం, ఇంజెక్టర్లు, పంపు మీద నంబర్లు మీ బండివాటితో కలుస్తున్నాయో చూసుకోవడం, ఇవి చేయనివ్వని చోట కొనకండి. నా ఓటు మాత్రం మీ సొంత బ్లాక్ బాగుంటే ఓవర్‌హాల్‌కే. చరిత్ర తెలిసిన ఇంజిన్ అది, సామాను మీ కళ్ల ముందే పడుతుంది. బ్లాక్ పగిలితే, క్రాంక్ పాడైతే అప్పుడు వాడిన ఇంజిన్.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంజిన్ నంబర్ బ్లాక్ మీద ఉంటుంది. బ్లాక్ మారిందంటే ఆర్‌సీలో నంబర్ మారాలి, ఆర్టీవో ఆఫీసులో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి. దానికి ఇంజిన్ ఏ బండిదో చెప్పే కాగితాలు, కొన్న బిల్లు కావాలి. కాగితాలు లేని ఇంజిన్ ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. దొంగబండిది అయితే తలనొప్పి మీది, ప్రమాదం జరిగితే క్లెయిమ్ ఆగిపోవచ్చు, అమ్మేటప్పుడు కొనేవాడు వెనక్కి తగ్గుతాడు.

ఖర్చు పెట్టే ముందు ఆర్‌సీ మీద తేదీ కూడా చూడండి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2010, 2011 బళ్లకి ఆ గడువు ఇప్పటికే వచ్చేసింది లేదా గుమ్మంలో ఉంది. పొడిగింపు చేతికొచ్చి, బాడీ తుప్పు పట్టకుండా ఉన్న బండికి చైన్, ఇంజెక్టర్లు, టర్బో వరుసగా బాగుచేయించడం ఖర్చుకి తగిన పనే. పొడిగింపు ఇంకా కాని బండికైతే ముందు పొగ పరీక్ష, ఫిట్‌నెస్ తేల్చుకుని, పొగకి కారణమైన ఇంజెక్టర్లు, ఈజీఆర్ వరకే చేయించండి. రింగులు, టర్బో సంగతి రిజిస్ట్రేషన్ కాగితం చేతికొచ్చాక చూసుకోవచ్చు. చైన్ గలగలమంటుంటే మాత్రం ఆ కాగితం కోసం కూడా ఆగకండి, బండిని ఆర్టీవో ఆఫీసుకి కూడా నడపకండి, ముందు దాన్నే విప్పించండి.